చెయ్యెత్తితే బండి ఆపాలి

అరవయ్యేళ్లు దాటాక కారు నేర్చుకోవాలని నేను ముచ్చటపడలేదు. మా ఆయనకు చూపు మందగించింది, ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. కారు ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోయి నిలబడింది. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. ఉద్యోగమంతా బళ్లో పిల్లలకు తెలుగు చెప్పిన దాన్ని, క్లచ్చూ బ్రేకూ నేర్చుకోలేకపోతానా అనుకుని మార్కాపురంలోనే ఒక డ్రైవింగు స్కూల్లో చేరాను. అక్కడ నేర్పే కుర్రాడు మొదటిరోజే ధైర్యం చెప్పాడు. "ఎల్లెల్లార్ లైసెన్సు పరీక్షకు మీరేం చదవాల్సిన పన్లేదు మేడం. జవాబులన్నీ వాట్సాప్‌లో పెడతా, బట్టీ పట్టండి. బొమ్మ కనపడంగానే నొక్కేయడమే," అన్నాడు. బట్టీ పట్టవద్దని పిల్లల చెవులు మెలేసిన చేతులివి. నాకు ఒళ్లు మండింది. బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణంలో రూల్సు పుస్తకం కొనుక్కుని, అట్ట వేసుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను.

చదువుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. ఎర్రలైటు, పచ్చలైటు అందరికీ తెలిసినవే. పసుపులైటు పడగానే ఉరకమని కాదు, ఆగడానికి సిద్ధపడమని. లైటూ పోలీసూ లేని కూడలిలో కుడిచేతి వైపు నుంచి వచ్చే బండికి ముందు దారి. సన్నని వంతెన మీదికి ఎదుటివాడు ఎక్కబోతుంటే మనం ఇవతలే ఆగాలి. ఎత్తు ఎక్కే బండికి దిగే బండి చోటివ్వాలి. తెల్ల కర్ర పట్టుకుని గుడ్డివాడు రోడ్డు దాటుతుంటే ఆ కర్రనే ఎర్రలైటుగా ఎంచుకోవాలి. ఇన్ని పేజీల పుస్తకంలో ఉన్నది నిజానికి ఒకే సంగతి, ఎవరికి ఎవరు దారి ఇవ్వాలన్నది. అది చదివి వీధిలోకి వస్తే, ఎవడి హారన్ పెద్దదైతే వాడిదే దారి. జీబ్రా గీతల మీద ఆటోలు నిలిపి మనుషుల్ని ఎక్కించుకుంటున్నారు. పుస్తకం నవ్వులాటగా కనిపించింది.

పరీక్ష రోజు కంప్యూటరు ముందు కూచోబెట్టారు. ఒక్కో ప్రశ్నా వస్తోంది, పక్కన సెకండ్లు తరిగిపోతున్నాయి. నాలుగో ఐదో అయ్యాక ఈ ప్రశ్న వచ్చింది. నేను కొన్న పుస్తకంలో ఇది లేదు. రోడ్డు మీద పశువును తోలుకుపోతున్న మనిషి, అది బెదిరి అదుపు తప్పుతుందని భయపడి, మీ బండిని ఆపమని కోరితే మీరేం చేయాలి? కింద మూడు జవాబులు. హారన్ కొట్టి ముందుకు పోవాలి. వేగం తగ్గించి పక్కనుంచి పోవాలి. బండి ఆపాలి.

నా వేలు మూడో దాని మీదికి దానంతట అదే పోయింది. సరైనదని పచ్చగా వెలిగింది. తర్వాతి ప్రశ్న వచ్చింది, ఆ తర్వాతిదీ వచ్చింది, ఏం నొక్కానో నాకు తెలియదు. పాసయ్యానన్నారు. బయటికొచ్చి అరుగు మీద కూచున్నాను. కుర్రాడు నీళ్ల సీసా తెచ్చిచ్చి, "ఏంది మేడం, పాసైతే సంతోషంతో ఏడుస్తారా ఎవరన్నా," అన్నాడు. నేను ఏడవడం లేదు. పళ్లు కొరుకుతున్నాను. మా నాయన రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తిన పొద్దు నా కళ్ల ముందుంది. ఆ చెయ్యెత్తడం తప్పని నలుగురూ కూచుని తీర్పు చెప్పారు. ఆ తీర్పునే నమ్మి మా నాయన బతికినన్నాళ్లూ బతికి, నమ్ముతూనే పోయాడు.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. కొనకనమిట్ల పోయే రోడ్డు పక్కన ఊరు. ఇళ్లూ దొడ్లూ రోడ్డుకు ఇవతల, గుట్టా మేతా నీళ్ల కుంటా అవతల. మా అమ్మ కోడి కూయకముందే లేచి దొడ్డి ఊడ్చి, పెంటికలు గంపకెత్తేది. ఆ వాసన మా బట్టలకు, జుట్టుకు, ఆఖరికి నా పలకకు కూడా పట్టి ఉండేది. వానాకాలం తడిసిన గొంగడి పొయ్యి పక్కన ఆరేస్తే ఇల్లంతా పొగా ఉన్నీ కలిసిన ఒక ముతక వాసన నిండేది. బళ్లో నా పక్కన కూచున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ వాసన ఉంటేనే నిద్ర పట్టేది, ఎందుకంటే గొంగడి ఇంట్లో ఉందంటే నాయన ఇంట్లో ఉన్నట్టు. ఎండాకాలం రైతులు పిలిచి చేలల్లో మంద పెట్టించుకునేవాళ్లు, ఎరువు కోసం. అప్పుడు ఆయన రోజుల తరబడి ఇంటికొచ్చేవాడు కాదు, గొంగడీ ఉండేది కాదు.

నాయన పొద్దున్నే నిలబడే అంబలి తాగేవాడు. ఒక చేత్తో ముంత, ఇంకో చేత్తో ఉల్లిగడ్డ. కూచుంటే మంద బయటికి పోతుందని ఆయన భయం. తాగేసి తలకు తువ్వాలు చుట్టి, జొన్నరొట్టె మూట నడుముకు కట్టుకుని, నాలుక మడిచి ఒక కూత కూసేవాడు. దొడ్డిలో ఉన్నదంతా లేచి నిలబడేది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరి మీదా గొంతెత్తగా నేను చూడలేదు. మా అమ్మ ఆయనకు పూర్తిగా భిన్నం. పక్కింటి గోడ మీద కాకి వాలినా ఆమెకో మాట ఉండేది.

దారి గురించి ఆయనకు, ఆయనతో గుట్టకు పోయేవాళ్లకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గుట్ట మీద బాట సన్నం. దప్పికతో కుంటకు దిగే మంద ఎదురైతే, తాగి ఎక్కే మంద పక్కన రాళ్లలోకి జరగాలి. ముందు ఈనబోయే గొర్రె ఉంటే వెనకవాడు తోసుకురాగూడదు. కట్టెల మోపుతో ఆడమనిషి వస్తే మందనే ఆపాలి, ఆమెను ఆపగూడదు. దాన్ని ఎవరూ రూలు అనలేదు. తప్పినవాణ్ణి "అది బాగుండదు" అనేవాళ్లు, అంతే. ఆ మాట పడ్డవాడు తర్వాత రోజు తలొంచుకుని వచ్చేవాడు.

రోడ్డు దగ్గర కూడా అదే పద్ధతి. అప్పట్లో అది ఒక బస్సు పట్టేంత తారు పట్టీ, అంచులు కొరికేసినట్టు ఉండేవి. బస్సులు అరుదుగా, మార్కాపురం పలకల లారీలు కాస్త ఎక్కువగా తిరిగేవి. నాయన ముందు తాను రోడ్డు మధ్యకు పోయి, కర్ర కింద పెట్టి, కుడిచెయ్యి ఎత్తేవాడు. "కర్ర ఎత్తితే కొట్టడానికొచ్చినట్టుంటది, చెయ్యే ఎత్తాల," అనేవాడు. బస్సు ఆగేది. "ఏందన్నా, ఆగినందుకు ఒక పొట్టేలన్నా ఎక్కించవా?" అని డ్రైవరు కేకేసేవాడు. నాయన నవ్వి చెయ్యి దించి దండం పెట్టేవాడు. మంద దాటిపోయేది. ఆ కాలం మనుషులంతా దేవుళ్లని నేను చెప్పబోవడం లేదు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. కానీ ఆగడం మామూలుగా ఉండేది.

ఆ రోజు బడికి సెలవు. నేను నాయన వెంట పోయాను. కొత్తగా ఈనిన గొర్రెపిల్లను గుండెకు అదుముకుని మంద వెనక నడుస్తున్నాను. దాని తల్లి నా ముందు నడుస్తూ మాటిమాటికీ తిరిగి చూస్తోంది. సగం మంద రోడ్డు దాటింది, సగం ఇవతల ఉంది. మార్కాపురం వైపు నుంచి జీపు వచ్చింది. అది పలకల గనులు నడిపే కంట్రాక్టరుది, చుట్టుపక్కల అందరికీ తెలిసిన జీపు. రోడ్డు తిన్నగా ఉంటుంది అక్కడ, చెట్టూ మలుపూ లేదు. దూరం నుంచే మేం వాళ్లకు కనిపిస్తాం, వాళ్లు మాకు కనిపిస్తారు. నాయన కర్ర కింద పెట్టి చెయ్యెత్తాడు. జీపు వేగం తగ్గింది. నేను నా కళ్లతో చూశాను, తగ్గింది. ఆగుతుందనుకుని మిగిలిన గొర్రెల్ని నేను అదిలించాను కూడా. అప్పుడు జీపు మళ్లీ వేగం అందుకుంది.

గొర్రెకు రెండుగా చీలడం తెలియదు. హారన్ వినగానే అవతల ఉన్నవి వెనక్కి, ఇవతలివి ముందుకు ఉరికి నడిరోడ్డు మీద ఒకటైపోయాయి. జీపు వాటి మధ్యలోంచి పోయింది. నాయనను పక్క రేకు తాకి కంకరలో పడేసింది. నా చేతిలోని పిల్ల తల్లి రోడ్డు మీద పడి కాళ్లు కొట్టుకుంటోంది. చాలా దూరం పోయాక జీపు ఆగింది. కంట్రాక్టరు దిగాడు, తెల్ల బట్టలు. ముందు వంగి జీపు లైటు చూసుకున్నాడు. తర్వాత మా వైపు వచ్చాడు.

"కండ్లు కనపడవంట్రా? ఇది రోడ్డా, మీ దొడ్డా?"

నాయన కుంటుకుంటూ లేచి, "చెయ్యెత్తినా గద సామీ," అన్నాడు.

"నువ్వు చెయ్యెత్తితే ఆపేదానికి నాదేమన్నా బస్సనుకుంటివా?"

చచ్చిన పొట్టేలు ఒకటి బాగా బలిసింది కంట్రాక్టరు కళ్లబడింది. "ఎట్లనూ పోయింది గదా," అని దాన్ని ఎత్తి జీపులో వేయమన్నాడు. డ్రైవరు మస్తాన్ దిగి వచ్చి, నాయన మొహంలోకి చూడకుండా, దాన్ని భుజానికెత్తుకుని పోయాడు. పాతికేళ్లవాడు. ఎండలో అతని మెడ మీదుగా గొర్రె రక్తం కారడం నాకిప్పటికీ కనపడుతుంది.

చచ్చినవాటిలో మిగిలినవి ఊళ్లోవాళ్లు వాటాలు వేసుకున్నారు. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ మసాలా నూరిన చప్పుడే. ఊరంతా కూర వాసన. మా ఇంట్లో మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. పొద్దుటి అంబలే తలా ఇంత పోసింది. "వాటికి పేర్లు పెట్టుకోని పిల్సినాం, నోట్లో ఎట్ల పెట్టుకుంటాం," అంది. తల్లి పోయిన పిల్ల అరుస్తూనే ఉంది. వేరే గొర్రెకు అలవాటు చేద్దామని నాయన మోకాళ్ల మీద కూచుని తంటాలు పడ్డాడు. ఆ గొర్రె దగ్గరికి రానివ్వలేదు. వీధిలో ఎవరో తేన్చుకుంటూ పోతుంటే మా అమ్మ గుమ్మంలోకి పోయి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రాయలేనని చెప్పాను గానీ, ఒక్కటీ అన్యాయమైనది కాదు.

తర్వాతి రోజు బడి ముందు పంచాయితీ పెట్టారు. మేం అడగలేదు, కంట్రాక్టరే కబురు పెట్టాడు. ఊరి పెద్దలు కుర్చీలు వేయించారు. "రోడ్డు గవర్నమెంటు బండ్ల కోసరం ఏసింది. గొర్లకు చేన్లున్నాయి, గుట్టలున్నాయి. రోడ్డుకు అడ్డం తోలడం తప్పే గదా," అన్నాడు వాళ్లలో పెద్దాయన. మిగిలినవాళ్లు అవునన్నారు. వాళ్లలో సగంమంది చేలల్లో మా నాయన మంద పెట్టినవాడే. కంట్రాక్టరు కాలు మీద కాలు వేసుకుని, "నా జీపు ఖర్చు నేనడగను. బీదోడు. తప్పయిందని నలుగుర్లో ఒక మాట అంటే చాలు. ఇంకెప్పుడూ రోడ్డు మీదికి మంద తేగూడదు," అన్నాడు. అప్పుడు ఆ పెద్దలు ఏమన్నారో తెలుసా? "ఎంత పెద్ద మనసయ్యా నీది," అన్నారు. నాలుగైదు గొంతులు ఒకేసారి అన్నాయి. నేను జీవితంలో చాలా అవమానాలు చూశాను, కొన్ని పడ్డాను. ఆ మెచ్చుకోలు అంత నీచమైన మాట మాత్రం మళ్లీ వినలేదు.

నేను ఉండబట్టలేక, "మా నాయన చెయ్యెత్తినాడు! జీపు నిదానం చేసి మళ్లా కొట్టిచ్చినారు, నేను చూసినా!" అని అరిచాను.

"ఆడపిల్లను ఈడికి ఎవరు తెమ్మన్నారు?" అన్నాడు పెద్దాయన.

"నోరుంది గాబట్టి మాట్లాడింది. మీ నోర్లు యాడికి పోయినాయి?" అంది మా అమ్మ.

కుర్చీల్లో కదలిక వచ్చింది. ఒకరిద్దరు లేచారు. కంట్రాక్టరు మొహం గట్టిపడింది. నాయన మా అమ్మ చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "తప్పు నాదే సామీ. ఇంక రోడ్డెక్కను," అన్నాడు. జీపుకు ఆనుకుని మస్తాన్ నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. ఏమైనా చెబుతాడేమోనని నేను అతని వైపే చూశాను. చెప్పలేదు.

మా నాయన ఆడిన మాట తప్పే మనిషి కాదు. మర్నాటి నుంచి మంద రోడ్డు మీదుగా పోలేదు. ఊరికి దూరంగా రోడ్డు కింద వాగు నీళ్లు పారడానికి కట్టిన తూము ఒకటి ఉంది. గొర్రెలు దాంట్లోంచి పోయేవి, నాయన వాటి వెనక నడుం వంచి, ఒక్కోచోట చేతుల మీద పాకుతూ పోయేవాడు. పైన బండ్లు పోతుంటే కింద తూములో ఆయన. తేళ్లు కుట్టాయి, మోకాళ్లు చెక్కుకుపోయాయి, వానలొస్తే నీళ్లు తీసేదాకా మందకు మేత ఉండేది కాదు. "రోడ్డు వాళ్లబ్బ సొమ్మా?" అని మా అమ్మ రోజూ కొట్లాడేది. "తప్పని చెప్పినారు గదమే," అనేవాడు ఆయన. కోపంగా కాదు, బాధగానూ కాదు. బళ్లో ఎక్కం చెప్పినట్టు చెప్పేవాడు. నన్ను కాల్చేది అదే. వాళ్ల బలానికి లొంగి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని. ఆయన లొంగలేదు, నమ్మాడు. చదువుకున్నవాళ్లు, కుర్చీల్లో కూచున్నవాళ్లు చెప్పారు కాబట్టి నిజంగానే అది తప్పనుకున్నాడు.

అది ఆయన నడకలోకి దిగింది. వెనక సైకిలు గంట వినిపించినా ముళ్లకంపలోకి దిగిపోయేవాడు. నాకు మార్కాపురంలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను చూడటానికి వచ్చాడొకసారి. సాయంత్రం బడి వదిలాక గేటు బయటికి వస్తే, రోడ్డుకు అవతల ఎండలో, రొట్టెల మూట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎప్పుడొచ్చినావు నాయనా?" అంటే, "మద్దేనం బస్సుకే వచ్చినా. బండ్లు ఇడిసిపెట్టలేదు తల్లీ," అన్నాడు. బస్సు దిగినచోటి నుంచి బడి గేటుకు రోడ్డు దాటడమే దూరం. అంతసేపూ అది ఖాళీ అవుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. చాలా ఏళ్ల తర్వాత మేం కారు కొన్నప్పుడు మా ఆయనను పక్కకు పిలిచి ఒక జాగ్రత్త చెప్పాడు. "అల్లుడా, రోడ్డు మీద గొర్లు అడ్డమొస్తే తప్పు గొర్లోళ్లదే. నువ్వేం భయపడొద్దు." ఆ మాటకు మా అమ్మ లేచి లోపలికి పోయింది.

అందుకే ఆ ప్రశ్న చూశాక నేను ఊరుకోలేకపోయాను. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇక్కడే కోర్టులో వకీలు. ఆమెకు ఫోను చేసి, ఈ రూలు కొత్తగా పెట్టిందా, ముందు నుంచీ ఉందా అని అడిగాను. ఆమె చూసి చెప్పింది. "ఇప్పటిది కాదు టీచర్. ఇంగ్లీషోళ్ల కాలం నాటి పాత చట్టంలోనే ఉంది. పశువును తోలేవాడు ఆపమంటే డ్రైవరు ఆపి తీరాల," అంది. అంటే నేను పుట్టకముందే ఉంది. మా నాయన చెయ్యెత్తిన రోజు ఉంది. ఆ కుర్చీలు వేసిన రోజు ఉంది. జీపు ఉన్నవాడి వైపు కాదు, గొర్రెలు ఉన్నవాడి వైపు ఉంది. ఊరికి బడి వచ్చింది, రోడ్డు వచ్చింది, ఓట్లడగడానికి జీపులు వచ్చాయి. ఈ ఒక్క ముక్క మాత్రం మా ఇంటి గుమ్మం దాకా నడిచి రాలేకపోయింది. ఇప్పుడు అదే ముక్కను వాట్సాప్‌లో పంపించుకుని, మూడోది నొక్కండి చాలు అంటున్నారు. నొక్కినవాళ్లు బయటికొచ్చి అదే చేత్తో హారన్ నొక్కుతున్నారు. మొన్న ఆ రోడ్డు మీదే చూశాను. వెడల్పు చేశారు, నున్నగా ఉంది. ఒక ముసలాయన మేకలతో అంచున నిలబడి ఉంటే, కారులోంచి ఒకడు తల బయటపెట్టి తిట్టుకుంటూ పోయాడు. పాతకాలంలో రూలు తెలియకపోయినా ఆగినవాళ్లుండేవాళ్లు, ఇప్పుడు పాసై ఆగనివాళ్లు. ఏది మేలో మీరే చెప్పండి.

కంట్రాక్టరు పోయి చాలా కాలమైంది. ఆ పెద్దల్లో ఒక్కడూ లేడు. మస్తాన్ ఉన్నాడు. ఎక్కడుంటాడో నాకు ఎప్పుడూ తెలుసు, ఇదే మార్కాపురంలో, మసీదు వెనక వీధిలో. బజార్లో ఎదురైతే నేను మొహం తిప్పుకునేదాన్ని. వకీలు పిల్లతో మాట్లాడిన రోజు మధ్యాహ్నమే నేరుగా వాళ్లింటికి పోయాను. మంచం మీద కూచుని ఉన్నాడు, గడ్డం తెల్లబడింది. నేనెవరో చెబితే కోడలిని పిలిచి కుర్చీ వేయించాడు, టీ పెట్టమన్నాడు.

"మస్తాన్ మామా, గొర్రెలు తోలేవాడు చెయ్యెత్తితే బండి ఆపాలని నీకు తెలుసా?" అన్నాను. అంత కోపంలోనూ నోట మామా అనే వచ్చింది. మన నోళ్లకు అలవాటు అలాంటిది.

ఆయన తన చేతుల్నే చూసుకుంటూ చెప్పాడు.

"తెలుసమ్మా. లైసెన్సుకు పోయిన దినమే అడిగినారు నన్ను. చెప్పినా, ఇచ్చినారు."

"మరి?"

"మీ నాయన చెయ్యెత్తింది చూసినా. బ్రేకు మీద కాలు పెట్టినా గూడా. సార్ పక్కన కూచోని, 'వీళ్లకు ఆపితే రేపు నెత్తికెక్కుతారు, పోనీ' అన్నాడు. కాలు తీసేసినా."

"ఆ మాట బడి ముందర చెప్పలేదేం?"

"చెప్తే పని పోతుంది బేటీ. ఇద్దరు చిన్న పిల్లలు అప్పటికి."

"మా నాయన పిల్లలు పిల్లలు కారా?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మాఫ్ చెయ్ తల్లీ. ఖుదా గవా, ఆ దేవుడే సాక్షి, ఆ మనిషి మొహం మరిచిపోలేదు నేను."

జాలి పడతానని అనుకున్నాడో ఏమో. నాకు జాలి రాలేదు. నీ పిల్లలు అన్నం తిన్నారు, మా నాయన తూములో పాకాడు, ఇప్పుడు నువ్వు ఏడ్చి తేలికపడితే సరిపోతుందా అనిపించింది. "మాఫీ ఇచ్చేదానికి నేనెవరిని? నువ్వు అడగాల్సిన మనిషి ముళ్లల్లో నడిచి నడిచి పోయినాడు. ఒక్కసారి వచ్చి, 'తప్పు నీది గాదు' అని చెప్పుంటే చాలు. ఊళ్లో ఎవరికీ వద్దు, ఆయన ఒక్కడికి చెప్పుంటే చాలు," అని లేచాను. కోడలు టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల తప్పేం లేదు గానీ, నేను టీ తాగకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ వరండాలో కూచుని గోంగూర ఒలుస్తోంది. అప్పటిదాకా ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. పక్కన కూచుని అంతా చెప్పాను. పరీక్షలో ప్రశ్న, వకీలు పిల్ల చెప్పిన మాట, మస్తాన్ కాలు బ్రేకు మీద పెట్టి తీయడం, కంట్రాక్టరు అన్న మాట. ఆమె ఆకు తుంచడం ఆపలేదు. ఈ వయసులో ఇవన్నీ కదిలించి తప్పు చేశానేమో అనుకున్నాను.

"ఆపాలని వానికి తెలుసా?" అంది చివరికి.

"తెలుసంట."

"కంట్రాక్టరుకు?"

"జీపున్నోడికి తెలియకుండా ఉంటుందా అమ్మా."

ఆమె చేతిలోని కట్ట పళ్లెంలో పెట్టింది. "చెయ్యెత్తిన మనిషిని చూసి ఆగేదానికి చట్టం యాల? అది సరే. నేనేమనుకున్నానంటే, వాళ్లకు అట్లాంటిదొకటి ఉందని తెలీదేమో, మనమాదిరే వాళ్లూ తెలీని మొద్దులేమో అనుకున్నా. తెలీక తొక్కినారులే అని ఇన్నేండ్లూ కడుపులో పెట్టుకోని ఊరుకున్నా." ఒళ్లోని కాడలు దులుపుకుంది. "తెలిసే తొక్కినారన్నమాట."

ఆమె గోడ పట్టుకుని లేచింది, కొంగు నడుముకు దోపుకుంది.

"ఆ మస్తానోళ్ల ఇల్లు యాడ?"

"అమ్మా, నేను అడగాల్సింది అడిగే వచ్చినా."

"నువ్వు మీ నాయన కూతురివి. నిన్నూ ఆయన మాదిరే అనుకోని ఏడ్చి పంపిచ్చింటాడు. నేనడగాల్సింది నేనడుగుతా. పద."

"ఇప్పుడా? ఎండగా ఉంది."

"ఇప్పుడే."

నేను లోపలికి పోయి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాను.